మస్తాన్ మామ చూపిన నీళ్లు

ఉడికిన వేరుశనక్కాయల గిన్నె మూత తీసినప్పుడల్లా నా కళ్లద్దాల మీద ఆవిరి కమ్ముకుంటుంది. మొన్న తుడుచుకోకుండా కాసేపు అలాగే నిలబడిపోయాను. ఆ తెల్లటి మసకలో వంటగది మెల్లగా కరిగిపోయింది. ప్రొద్దుటూరు నూనె మిల్లు ఆవరణ, పొట్టు కుప్పలు, మంచులో కలిసిపోతున్న పొగ ఒక్కొక్కటిగా కనిపించాయి. వాటి మధ్య చెవి కొద్దిగా పక్కకు వంచి నిలబడిన మస్తాన్ మామ కనిపించాడు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. జమ్మలమడుగు మిషన్ బడిలో చదువు ముగించి, ప్రొద్దుటూరులో మా పిన్ని ఇంట్లో ఉంటూ ఆ మిల్లులో చేరాను. నూనెలో తేమ ఎంత ఉందో, నూనె తీశాక వచ్చే చెక్కలో ఇంకా నూనె ఎంత మిగిలిపోయిందో పరీక్షించడం నా పని. బాయిలర్ చూసే మస్తాన్ సాహెబుది పులివెందుల. వయసుతో పని లేకుండా మిల్లులో అందరికీ ఆయన మామే. సన్నటి మనిషి, నెమ్మదైన మాట. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి ఆవిరి చప్పుడు వినేవాడు. ఎవరో దూరం నుంచి పిలిస్తే విన్నట్టుగా ఉండేది ఆయన ముఖం.

ఒక చలి పొద్దున నన్ను పిలిచి మిల్లు వెనక కాలవ చూపించాడు. దాని పొడవునా తెల్లటి ఆవిరి తేలుతోంది. కాయలు ఏరే ఆడవాళ్లు ఆ నీళ్లలో చేతులు కడుక్కుంటూ నవ్వుకుంటున్నారు. ఆవిరిలో వాళ్ల ముఖాలు కనిపించీ కనిపించకుండా ఉన్నాయి.

"చెయ్యి పెట్టి చూడు పాపా" అన్నాడు.

పెట్టాను. ఆ నీళ్లు స్నానానికి కాచినట్టు వెచ్చగా ఉన్నాయి.

"ఈ నీళ్లు యాడి నుంచి వస్తాండాయో తెలుసా? శనక్కాయ పప్పును మగ్గబెట్టే డ్రమ్ము లేదూ, దాని రెండు గోడల నడుమ పోయిన ఆవిరే చల్లబడి ఇట్లా నీళ్లయితాది. ఇది వాన నీళ్లంత శుభ్రం. బావి నీళ్లు తోడుతాము, పొట్టు కాల్చి వేడి చేస్తాము, ఆ వేడిని కాలవలో పారబోస్తాము. మళ్లా బావి కాడికి పోతాము. ఏంది ఈ పని?"

నాకప్పుడు ఆ ప్రశ్న పెద్దగా పట్టలేదు. ఆవిరి మాత్రం అందంగా ఉందనుకున్నాను.

ఎండాకాలం రాకముందే మిల్లు బావి అడుగంటింది. వానలు పడేదాకా మిల్లు మూసేస్తానన్నాడు యజమాని. కాయలు ఏరే ఆడవాళ్లకు వేరే పని లేదు. వాళ్లు గేటు దగ్గర గుమిగూడి నిలబడ్డ రోజు మస్తాన్ మామ యజమాని గదిలోకి వెళ్లాడు. ఒక తొట్టి, కొంత పైపు ఇప్పిస్తే కాలవలో పోయే నీళ్లను మళ్లీ బాయిలర్‌కే తిప్పుతానని, నీళ్లతోపాటు పొట్టూ మిగులుతుందని చెప్పాడు.

"బాయిలర్‌కు ఏమన్నా అయితే?" అన్నాడు యజమాని.

"నేనుండా గదా సామీ."

"అయితే ఆ రోజే నీకు ఈడ ఆఖరి రోజు."

మామ తలూపి వచ్చేశాడు.

పైపు వేశారు. కాలవ ఎండిపోయింది. ఆడవాళ్లకు వెచ్చటి నీళ్లు పోయాయిగానీ పని పోలేదు. బావిలో ఊట నిలదొక్కుకుంది. పొట్టు కుప్ప ఎప్పుడూ లేనంతగా పెరిగింది. మామ తొట్టి పక్కన కూర్చుని, లోపల పడే నీటి చప్పుడు వింటూ కళ్లు మూసుకునేవాడు. ఆయన నిద్రపోతున్నాడని కొత్తవాళ్లు పొరబడేవారు.

ఒక ఉదయం తొట్టి పక్కగా నా గదికి వెళ్తున్నాను. నీటి మీద సన్నటి పొర ఎండకు ఏడు రంగుల్లో మెరిసింది. అది నూనె అని నాకు ఒక్క చూపులో తెలిసింది. రోజంతా నూనెతోనే కదా నా పని! అయినా ఆగలేదు. నీళ్లు చూడమని నాకెవరూ చెప్పలేదు. చెబితే నీకెందుకంటారేమోనన్న బెరుకూ ఉంది. గదిలోకి వెళ్లి కూర్చుని గాజు సీసాలు తుడవడం మొదలుపెట్టాను.

మధ్యాహ్నం కాకముందే బాయిలర్ గదిలోంచి కేకలు వినిపించాయి. నూనె కలిసిన నీళ్లు లోపల నురగలెత్తాయట. నీటి మట్టం చూపే గాజు గొట్టం పగిలింది. మామ పారిపోలేదు. నిప్పంతా బయటికి లాగి, ఆవిరి వదిలేసి, అందరూ దూరంగా వెళ్లాకే బయటికి వచ్చాడు. మరిగే నీళ్లు పడి కుడి ముంజేయి ఎర్రగా ఉడికిపోయింది.

తడిగుడ్డ చుట్టుకుని గోడకు ఆనుకున్న ఆయన ముందు నిలబడ్డాను.

"పొద్దున తొట్టిలో నూనె చూసినా మామా."

"ఎవురికన్నా చెప్పినావా?"

"లేదు."

"ఏంటికి?"

"నా పని గాదనుకున్నా."

"కంటికి నా పని, నీ పని అని ఉంటాదా పాపా?" గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "పోయి యజమానికి చెప్పు. నా కోసరం గాదు. నూనె యాడ కారుతాండాదో చూడకుండానే పైపు పీకేస్తారు. ఆ ఆడోళ్ల గతి ఏంగావాల?"

వెళ్లి చెప్పాను. ఏదీ దాచలేదు. యజమాని నన్ను తిట్టిన తిట్లు వాకిట్లో వాళ్లందరికీ వినిపించాయి. తర్వాత డ్రమ్ము విప్పించి చూస్తే లోపలి గోడకు వెంట్రుకంత పగులు ఉంది. రాత్రి ఆవిరి ఆపేసినప్పుడు పప్పులోని నూనె అందులోంచి జారి నీళ్లలో కలుస్తోంది. అతుకు వేయించారు. పైపు ఉంచారు. పొద్దున్నే తొట్టిలో నీళ్లు చూసే పని నాకు అప్పగించారు. వానలు పడేదాకా మిల్లు ఒక్కరోజూ ఆగలేదు.

మామను మాత్రం మళ్లీ పనిలోకి పిలవలేదు. అన్న మాట అన్న మాటేనన్నాడు యజమాని.

ఆ ఏడాది చివర పులివెందుల వెళ్లాను. మామ ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే, "నీళ్లు ఎట్లుండాయి పాపా?" అని అడిగాడు.

"శుభ్రంగా ఉండాయి మామా. రోజూ చూస్తాండా."

ఆయన కళ్లు మూసుకున్నాడు. ఇంత దూరాన కూడా ఆ తొట్టిలో పడే చప్పుడు ఆయనకు వినిపిస్తున్నట్టుంది. క్షమించావా అని అడిగాను. "చలికి చెయ్యి లాగుతాది" అన్నాడు. కాసేపటికి, "టీ తాగి పో" అన్నాడు. ఆయన కూతురు తెచ్చిన టీ ఇద్దరం తాగాం.

తర్వాత నేను చాలా మిల్లుల్లో పనిచేశాను. పరీక్షల కాగితం అడుగున, అడిగినవన్నీ రాశాక, ఆ రోజు నా కంటబడినది ఒక్క వాక్యం రాసేదాన్ని: ఆవిరి పైపుకు చుట్టిన గుడ్డ ఊడిపోయిందనో, వేడి నీళ్లు వృథాగా పోతున్నాయనో. కొందరు మేనేజర్లు అది చదివారు. ఎక్కువమంది ఎర్ర సిరాతో కొట్టేశారు. మర్నాడు మళ్లీ రాసేదాన్ని.