బాబాయి ఎడమ చెవి

మొన్న మంగళవారం పొద్దున కల్లంలో మిరపకాయలు తిరగేస్తుంటే ఫోను వచ్చింది. అద్దంకిలో సీడీ ప్లేయర్లు, ఆంప్లిఫయర్లు బాగుచేసే మా బాబాయి నిద్రలోనే పోయారని వాళ్లమ్మాయి చెప్పింది. కారపు చేతులతోనే కళ్లు తుడుచుకున్నాను. చాలాసేపు ఏమీ కనబడలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. షాపుకొచ్చే అందరూ బాబాయ్ అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచాను. కానీ ఇవాళ నేను ప్రాణాలతో ఉండి ఈ నాలుగు మాటలు రాస్తున్నానంటే ఆయన వల్లే.

నేను మా ఊళ్లో ఆడవాళ్లకు కోలాటం నేర్పుతాను. మా పాటలన్నీ పాత సీడీల్లో ఉన్నాయి. ఒకసారి ప్లేయరు ఒక పక్కే పాడుతుంటే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. ఎడమ స్పీకరు పోయింది, మార్చమన్నాను. ఆయన దేన్నీ విప్పలేదు. ప్లేయరు వెనక తీగలు పీకి, కుడిది ఎడమకు, ఎడమది కుడికి పెట్టారు. ఈసారి ఎడమ స్పీకరు పాడింది, కుడిది ఆగిపోయింది.

“చూశావా అమ్మాయ్? స్పీకరు శుభ్రంగా ఉంది. జబ్బు పెట్టెలో ఉంది. నోరు పెగలనిదాన్ని పట్టుకుని తప్పు నీదేననకూడదు” అన్నారు. హెడ్‌ఫోను గుచ్చే చోట చిలుము పట్టిందట. దూదికి స్పిరిట్ అద్ది పుల్లతో తుడిచారు, రెండు వైపులా పాట వచ్చింది.

మా ఆయన తాగడు, పేకాడడు. ఊళ్లో అందరికీ మంచివాడు. ఇంట్లో మాత్రం చేతికి ఏది దొరికితే దానితో కొట్టేవాడు. పత్తి కట్టె, మోటారు బెల్టు, ఒకసారి కాలుతున్న అట్లకాడ. కోలాటం నేర్పి వచ్చిన రోజున మరీను. “నలుగురి ముందు గెంతడానికి సిగ్గు లేదటే?” అంటూ జుట్టు పట్టి గోడకేసి కొట్టేవాడు. నా ముందరి పన్ను అలాగే ఊడింది. మా అన్నకు చెబితే, “తాగుబోతైతే అడగొచ్చు. ఆయన్ని ఏమని అడగమంటావే?” అన్నాడు.

ఒక సాయంత్రం ఆ ప్లేయరునే ఎత్తి నా తల మీద వేశాడు. రెండు రోజులాగి, కొంగు నెత్తిన కప్పుకుని దాన్ని మళ్లీ అద్దంకి తీసుకెళ్లాను. పాట ఎగిరెగిరి పడుతోందని చెప్పాను. బాబాయి మూత విప్పి, సీడీని చదివే లెన్సు కదిలిపోయిందన్నారు. తర్వాత పెట్టెకు గాలాడే జల్లెడ వైపు చాలాసేపు చూశారు. అందులో నా వెంట్రుకలు, ఎండిన రక్తం.

“కింద పడింది బాబాయ్” అన్నాను.

“పడితే మూల పగులుద్దమ్మా. దీన్ని ఎత్తి కొట్టారు.” ఒక్కో వెంట్రుకా పట్టకారుతో తీసి, రక్తం తుడిచారు. “పెట్టె సంగతి చూస్తే తెలుస్తది. నీ సంగతి నువ్వు చెబితేనే గదా తెలిసేది” అన్నారు. నేను డబ్బులిచ్చి ప్లేయరు తీసుకుని వచ్చేశాను. ఆయన మళ్లీ అడగలేదు.

మూడోసారి వెళ్లినప్పుడు చెప్పాను. అప్పటికి నా చెయ్యి విరిగి కట్టులో ఉంది. బాబాయి పని ఆపి, మాట తుంచకుండా విన్నారు. “పద, స్టేషన్‌కి పోదాం” అంటూ లేచారు. అంతలోనే, ఊరి నుంచి నా వెనకే వచ్చినట్టున్నాడు, మా ఆయన లోపలికి వచ్చాడు.

“రిపేరు పేరు చెప్పి ఇక్కడ పంచాయితీ పెట్టావటే?” అంటూ నా కట్టు చేతినే పట్టి మెలితిప్పాడు. నా అరుపు నాకే వినబడింది. తల బల్లకేసి ఒకసారి, రెండోసారి కొట్టాడు. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. రోడ్డు మీద జనం నిలబడ్డారు. “మొగుడూ పెళ్లాల గొడవలే” అని ఎవరో అనడం విన్నాను.

“ఒరేయ్, చెయ్యి తీరా!” అని బాబాయి మధ్యకొచ్చి మా ఆయన చొక్కా పట్టుకున్నారు. మా ఆయన నన్ను వదిలి బల్ల మీది ఆంప్లిఫయరు అందుకున్నాడు. ఆ ఇనప పెట్టెను రెండు చేతులా ఎత్తి ఆయన ఎడమ చెవి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడయింది. బాబాయి మోకాళ్ల మీద పడ్డారు. చెవిలోంచి రక్తం చొక్కా లోపలికి కారుతోంది. అయినా బాబాయి మా ఆయన చొక్కా పట్టిన పట్టు వదల్లేదు. మొహం మీద గుద్దినా, కడుపులో తన్నినా వదల్లేదు. అప్పుడు కదిలారు జనం. పోలీసులు వచ్చేదాకా ఆయన వేళ్లు ఆ గుడ్డలోనే ఉన్నాయి.

ఆ చెవికి ఇక వినికిడి రాదని ఒంగోలు డాక్టరు చెప్పాడు. చప్పుడే బతుకుతెరువైన మనిషికి! తర్వాత ఆయన కుర్చీ ఒక స్పీకరు ముందు వేసుకుని విని, లేచి రెండోదాని ముందుకు జరిగి కూర్చునేవారు. అది చూడలేక ఒకరోజు ఏడ్చాను. “నా వల్లే పోయింది బాబాయ్ మీ చెవి.”

“నీ వల్లేంటి? కొట్టినోడి వల్ల” అన్నారు, విసుగ్గా. “ఆ లెక్క తప్పితే మళ్లీ వాడింటికే పోతావు.”

మా ఆయన తరఫు పెద్దమనుషులు రాజీకి తిరిగారు. షాపు అద్దాలు పగిలాయి. చంపుతామని కబురొచ్చింది. బాబాయి వాళ్లెవరికీ కుర్చీ కూడా వెయ్యలేదు. ఒంగోలు కోర్టులో వాళ్ల లాయరు నవ్వుతూ, “మీకు చెవుడు కదా, వాళ్లేం మాట్లాడుకున్నారో ఎలా విన్నారు?” అని అడిగాడు.

“అప్పటికి రెండూ బాగానే ఉన్నాయండీ. ఆ మాటలు విన్నాకే ఒకటి పోయింది” అన్నారు బాబాయి. ఆ తర్వాత నా వంతు వచ్చింది. అన్నీ చెప్పాను. పన్ను సంగతి, అట్లకాడ సంగతి కూడా. మా ఆయనకు జైలు పడింది. నేను మళ్లీ ఆ గడప తొక్కలేదు.

ఆయన్ని తలుచుకుంటే షాపు గుర్తుకు రావడం లేదు. తీర్పు రోజున ఒంగోలు నుంచి తిరిగొచ్చిన బస్సు గుర్తుకొస్తోంది. నేను కిటికీ దగ్గర, ఆయనకు ఎడమ పక్కన కూర్చుని ఏవేవో చెబుతూనే ఉన్నాను, ఎన్నేళ్లుగానో మింగినవన్నీ. ఆయన తలూపుతున్నారు. మేదరమెట్లలో బస్సు ఆగగానే లేచి నిలబడ్డారు. నన్ను ఇవతలికి జరగమని, తాను కిటికీ వైపుకి వెళ్లి కూర్చున్నారు. కుడి చెవి నా వైపు వంచి అన్నారు:

“ఒక్క ముక్కా వినపళ్లేదమ్మాయ్. మొదట్నించీ చెప్పు.”