ఒళ్ళో బిడ్డకు టికెట్టు లేదు

గండికోట లోయలో పడవ ఎక్కేవాళ్ళకు కొన్నాళ్ళు టికెట్లు రాశాను. ఫైర్ స్టేషన్ వాళ్ళతో కూర్చుని ఆపద ప్రణాళిక తయారు చేసిందీ నేనే. సెలవు రోజుల్లో ఈతగాళ్ళు గట్టు మీదే ఉండాలి. పడవ కదిలే ముందు ఎక్కినవాళ్ళ పేర్ల జాబితా ఫైర్ ఆఫీసరుకు ఇవ్వాలి. పడవ మునిగితే, జాబితాలో ఉన్నవాళ్ళంతా గట్టెక్కేదాకా వెతకాలి. ఆ కాగితం చూసుకుని మీసం మెలేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఒక ఆదివారం డోన్ నుంచి ఒక కుటుంబం వచ్చింది. తల్లి చంకలో రెండేళ్ళ పాప. పేర్లు రాస్తుంటే పాప తండ్రి నవ్వాడు.

"ఒళ్ళో బిడ్డకు టికెట్టేందప్పా? బస్సులోనే అడగరు."

నిజమే కదా అని నేనూ నవ్వాను. టికెట్టు లేదు కాబట్టి పేరూ రాయలేదు. పాపకు సరిపోయే లైఫ్ జాకెట్టు మా దగ్గర లేనే లేదు. పద్నాలుగు పేర్లతో పడవ కదిలింది.

అరగంటకు గాలి లేచి పడవను ఎత్తి రాతికేసి కొట్టింది. చెక్క పగిలిన చప్పుడు గట్టుకు వినిపించింది. జనం ఒకరినొకరు తొక్కుకుంటూ, జుట్లు పట్టి లాక్కుంటూ నీళ్ళలో పడ్డారు. ఈతగాళ్ళు దూకారు. తల పగిలి స్పృహ తప్పిన పాప తండ్రిని మోసుకొచ్చారు. గట్టు మీదున్న ఫైర్ ఆఫీసరు దగ్గర జాబితా తీసుకుని నేను ఒక్కో పేరుకూ టిక్కు పెట్టాను. పద్నాలుగో మనిషిగా తల్లి వచ్చింది.

"అంతేనా?" అన్నాడు ఆఫీసరు.

"అంతే సార్. లెక్క సరిపోయింది."

ఆయన విజిల్ ఊదాడు. ఈతగాళ్ళు గట్టెక్కారు.

తల్లి నీళ్ళు కక్కుతూ వచ్చి నా కాలరు పట్టుకుంది. మాట పెగలడం లేదు. పిడికిళ్ళతో మొహం మీద గుద్దింది, చెయ్యి కొరికింది. ముందు తన్ని ఆ తర్వాత సంగతేందని అడిగే జనం మా జనం. ఇదీ అదేననుకున్నాను. ఒళ్ళు మండి, ఆమె జుట్టు పట్టి విసిరేశాను. రాయి తీసుకుని మళ్ళీ వచ్చింది. ఆఫీసరు ఆమె చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నాడు. అప్పుడు గొంతు పెగిలింది.

"నా బిడ్డ యాడరా? బిడ్డ నీళ్ళలోనే ఉండాది!"

ఈతగాళ్ళు మళ్ళీ దూకారు. బోర్లాపడిన పడవ కింద, బల్లకు చిక్కుకుని పాప దొరికింది. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది. ఆఫీసరు చాలాసేపు ఛాతీ నొక్కాడు. ఆ తర్వాత లేచి, నా చెంప పగలగొట్టి, జాబితా నా చేతిలో కుక్కాడు.

"రాయి. పదైదో పేరు రాయి."

నాకు ఆ పేరు తెలియదు. తెల్లబోయి కూర్చున్న ఆ తల్లి దగ్గరికే వెళ్ళి, పాప పేరేమమ్మా అని అడిగాను.