దమ్మాం చేరేదాకా చీపురు పట్టొద్దు

కొత్త చీపురు కట్ట విప్పితే ఎండుగడ్డి వాసనతో పాటు సన్నటి పొడి లేస్తుంది. మొన్న ఇబ్రహీంపట్నం అంగట్లో కొన్న చీపురును విదిలిస్తుంటే ఆ వాసనకు దసరా తరవాతి రోజులు, బియ్యంలో మగ్గబెట్టిన సీతాఫలాలు, అమ్మ రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దల నేతి ఘుమఘుమ, వాటన్నిటి వెనక బాపు సౌదీలోని దమ్మాంకు పనికి పోయిన రోజు గుర్తొచ్చి నా చెయ్యి ఆగిపోయింది.

మా ఇంట్లో ఎవరైనా ఊరికి బయలుదేరితే వాళ్లు చేరేదాకా ఇల్లు ఊడ్చేవాళ్లు కాదు. ఊడిస్తే దారిలో ఉన్నవాళ్లకు కీడని నమ్మకం. నాయనమ్మ మంచాల ఊరికి బస్సెక్కితే, ఈపాటికి దిగి ఉంటుందని పొద్దు చూసి లెక్క కట్టాకే అమ్మ చీపురు తీసేది. అప్పటిదాకా పల్లీ పొట్టు, సీతాఫలం గింజలు, తొక్కుడుబిళ్ల ఆడి మేము కాళ్లకు అంటించుకొచ్చిన మట్టి ఇంటినిండా ఎక్కడివక్కడే ఉండేవి, తిట్టేవాళ్లు లేక మాకదో పండగ.

మరి దమ్మాంకు లెక్కెట్లా? మాకు తెలిసినవి విమానం నడపడం నేర్పే నాదర్‌గుల్‌ మైదానంలో ఎగిరి, మా చేను మీద ఒక చుట్టు తిరిగి, మళ్లీ అక్కడే దిగే చిన్న విమానాలే. బాపుకు వీసా ఇప్పించిన ఏజెంటునే అమ్మ అడిగింది.

"గాలిమోటరు ఎంతసేపట్ల చేరుతదే అన్నా?"

"నాలుగున్నర గంటలే అక్కా, ఫికర్ జెయ్యకు."

బాపు గడప దాటగానే అమ్మ గోడ గడియారం కింద కూర్చుంది. నాలుగున్నర గంటలకు భయం కొద్దీ ఇంకాస్త కలుపుకొని, అప్పుడు లేచి మూలమూలా ఊడ్చి, మా చేతుల్లో తలా ఒక మలీద ముద్ద పెట్టింది.

కొన్నాళ్లకు కిరాణా కొట్టుకు బాపు ఫోన్ చేశాడు. "యాడి నాలుగున్నర గంటలే? బొంబాయిలనే దినమంత కూసున్నం, తెల్లారినంక చేరినం" అని నవ్వాడు. ఆ ఏజెంటు చెప్పింది గాలిలో ఉండే సమయమొక్కటే. అమ్మ నవ్వలేదు.

రెండో ఏడు బాపు అక్కడ కట్టడం మీంచి పడి చనిపోయాడు. కాగితాలు తెమలక, ఆ నాలుగున్నర గంటల దారికి శవం రావడానికి నెల దాటింది. ఎవరెంత చెప్పినా అమ్మది ఒకటే మాట, "దారిల ఉండంగనే ఇల్లు ఊకిన. నేనే ఊకిన." నాకు ఏజెంటు మీద కోపం, ఆ నమ్మకం మీద కోపం, వినని అమ్మ మీద ఇంకా కోపం. ఏ కోపమూ ఆమెకు పనికిరాలేదు.

ఇప్పుడు మా ఊరి నుంచి తుక్కుగూడ దాటితే విమానాశ్రయమే. ఫోన్‌లో రెండు ఊళ్ల పేర్లు కొడితే మూడు వేల పైచిలుకు కిలోమీటర్ల దూరం, పట్టే సమయం, మధ్యలో ఎక్కడ ఎంతసేపు ఆగాలో కూడా వస్తుంది. అమ్మకు ఎప్పుడూ చూపించలేదు. ఊరికి పోయినవాళ్ల కోసం ఇల్లు ఊడ్వకుండా ఆగేవాళ్లూ ఇప్పుడు లేరు.

పోయిన చలికాలం అమ్మ పోయింది. పాడె గడప దాటిందో లేదో చిన్నమ్మ చీపురు అందుకుంది. శవం లేచిన ఇల్లు వెంటనే ఊడ్చి కడగాలి. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"జర ఆగు చిన్నమ్మా, అమ్మను చేరనీ."

"యాడికి బిడ్డా?" అంది చిన్నమ్మ.

నేను ఆమె చెయ్యి వదిలాను. ఆమె ఊడ్చేసింది.