పలకరింపులు వద్దన్న పెద్దమనిషి

రాండర్స్ ఊళ్ళో ఎగోన్ విల్‌సోమ్ అంత గొప్పవాడు లేడని గట్టిగా నమ్మిన మనిషి ఒక్కడే ఉన్నాడు. అతను ఎగోన్ విల్‌సోమే. నలభై ఏళ్ళు కుళాయిలూ కమోడ్లూ అమ్మాడు. అమ్మడంలో తప్పేమీ లేదు, ఊరికి అవీ కావాలి. కానీ ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ముందు వాళ్ళ బాత్‌రూమ్ తలుపు తీసి చూసి, "ఇది మన కొట్లోదే!" అని అందరికీ వినబడేలా ప్రకటించేవాడు. ఎవరికో జబ్బు చేస్తే, ఆ పుణ్యమా అని వాళ్ళ కుర్చీలో పద్నాలుగు నెలలు మునిసిపల్ కౌన్సిల్లో కూర్చున్నాడు. అన్ని నెలల్లో నోరు తెరిచింది ఒక్కసారే, కిటికీ మూయమని. ఇంట్లో మాత్రం దాన్ని "నా రాజకీయ జీవితం" అనేవాడు.

అతని భార్య ఆస్టా ముప్ఫై ఒక్క ఏళ్ళు గ్లౌజుల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసింది. గొర్రెపిల్ల తోలు మీద సన్నటి కుట్టు వేసీ వేసీ ఆమె చూపుడువేలు ఒక పక్కకి ఒరిగిపోయింది. ఊరికి పేరు తెచ్చింది ఆ గ్లౌజులే. ఆ సంగతి ఎగోన్ వచ్చినవాళ్ళందరికీ ఛాతీ విరుచుకుని చెప్పేవాడు. కుట్టింది తన పెళ్ళామని మాత్రం చెప్పేవాడు కాదు.

ఆ ఏడాది ఊరి చరిత్ర సంఘంవాళ్ళు ఊరి ప్రముఖుల పుస్తకాన్ని కొత్తగా అచ్చు వేయిస్తున్నారు. పాత పుస్తకంలో ఫ్యాక్టరీ యజమానులు నలుగురు, పాస్టర్లు ఆరుగురు, పడవ పందేల్లో గెలిచినవాడొకడు ఉన్నారు. కుట్టుపనివాళ్ళు ఒక్కరూ లేరు. లేరేమని అడిగినవాళ్ళూ లేరు. ఆ పుస్తకంలో ఎక్కాలని ఎగోన్‌కి ఎప్పటినుంచో పిచ్చి. పేర్లు ఎంచేది బోడిల్ అనే రిటైరైన స్కూలు టీచరు. పుట్టినరోజు ఇళ్ళకు వెళ్ళి, అక్కడ జనం ఏం చెప్పుకుంటారో విని, ఆవిడ పేర్లు రాసుకుంటుంది. పుస్తకం అచ్చుకు వెళ్ళే వారంలోనే ఎగోన్‌కి డెబ్బై అయిదు నిండుతున్నాయి. అంతకన్నా మంచి ముహూర్తం ఏముంటుంది?

అక్కడ అరవై, డెబ్బై, డెబ్బై అయిదు నిండినవాళ్ళ గురించి పేపర్లో నాలుగు ముక్కలు వేస్తారు. అది చదివి ఎవరైనా వచ్చి తలుపు తట్టొచ్చు, పిలుపు అక్కర్లేదు. ఎగోన్ నాలుగు ముక్కలతో సరిపెట్టుకునే రకమా? తన గురించి తనే, "ఆయన" "ఆయన" అంటూ, అయిదు పేజీలు రాసుకున్నాడు. "ఆయన దూరదృష్టి వల్లనే ఈ ఊరి ప్రజలు వేడినీళ్ళకు నోచుకున్నారు" అన్న వాక్యం దగ్గర ఆస్టాకి నవ్వు ఆగక దగ్గు నటించింది. అన్నిటికీ అడుగున ఇంకో వాక్యం ఉంది: "పలకరింపులు, వేడుకలు వద్దని మనవి."

"ఇదెందుకు పెట్టావ్?" అంది ఆస్టా.

"నీకు తెలీదులే. పెద్దవాళ్ళు ఇలాగే వేయిస్తారు. ఫ్యాక్టరీ ముసలాయన డెబ్బైకి ఇదే ముక్క వేయించలా? గేటు ముందు కార్లు బారులు తీరలా? వద్దంటేనే జనం ఎగబడతారు. రండి బాబూ రండి అని దేబిరించేది అనామకులు."

ఆ కార్లన్నీ ముందుగా ఉత్తరాలు రాసి పిలిపించుకున్న చుట్టాలవి. ఆ రోజు వడ్డనకు వెళ్ళింది ఆస్టాతో పాటు కుట్టుపని చేసిన ఎల్నానే. ఆ ముక్క చెబుదామని ఆస్టా నోరు తెరిచింది.

"నిలబడి చూస్తావేం? వెళ్ళి పోస్టులో వెయ్. కవరు మడత పెట్టావంటే చూడు."

ఆస్టా తెరిచిన నోరు మూసేసింది. కవరు మడత పడకుండా తీసుకెళ్ళి డబ్బాలో వేసి వచ్చింది.

పుట్టినరోజు పొద్దున్న ఎనిమిదింటికే తోటలో జెండా ఎగరేశాడు. పుట్టినరోజుకి జెండా ఎగరేసి పొద్దుగూకేలోగా దింపడం అక్కడి ఆనవాయితీ. నల్లకోటు తొడిగాడు. బల్లమీద ఎనభై బన్నులు, వెన్న, జున్ను, మీగడ కేకులు రెండు, చేదు సారాయి సీసాలు అరడజను. తర్వాత పేపరు విప్పాడు. తన అయిదు పేజీలు ఎక్కడా లేవు. ఓ మూల ఒకే ఒక్క వరస: "ఎగోన్ విల్‌సోమ్, మాజీ వ్యాపారి, 75. పలకరింపులు, వేడుకలు వద్దని మనవి." పేపరువాళ్ళు మర్యాదస్తులు. వద్దన్న మనిషి గురించి ఊదరగొట్టరు.

"వెధవలు!" అన్నాడు. కాసేపటికి తనే సర్దుకున్నాడు. "పోనీలే. నేనెవరో జనానికి తెలీదా ఏం?"

తొమ్మిదైంది, పదైంది. ఎదురింటాయన కుక్కని తిప్పుతూ వచ్చి, జెండా చూసి, ఎక్కడ పలకరించినట్టవుతుందోనని వీధి అవతలికి దాటి తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఎగోన్ కిటికీ దగ్గర ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు. ఆస్టా అతన్ని జాలిగా చూద్దామని ప్రయత్నించింది. జాలి రాలేదు.

పదకొండింటికి సైకిల్ మీద బోడిల్ వస్తూ కనబడింది. ఎగోన్ గేటు దాకా పరుగే తీశాడు. ఆవిడ ఆగింది కానీ సైకిల్ దిగలేదు.

"క్షమించండి విల్‌సోమ్ గారూ, ఇలా వెళ్తూ కనబడ్డాను అంతే. పేపర్లో మీ మాట చదివాను. ఎంత హుందాతనమండీ! ఈ రోజుల్లో అంతా నా పేరు వెయ్యి, నా పేరు వెయ్యి అని నా ప్రాణం తీస్తున్నారు."

"లోపలికి రండి, కాఫీ..."

"అయ్యయ్యో, వద్దు. మీ మాట మన్నించాలిగా? నిజం చెప్పాలంటే పుస్తకంలో మీకు రెండు వరసలు రాసిపెట్టాను, కౌన్సిల్లో కూర్చున్నారని. పొద్దున్న అది చదవగానే కొట్టేశాను. మీలాంటివారిని బలవంతాన అచ్చులోకి లాగితే పాపం."

ఎగోన్ మొహం జేవురించింది. అబ్బే, వేయండి అనాలంటే ఆ హుందాతనం కాస్తా ఊడుతుంది. జన్మలో మొదటిసారి ఒకరు తనని మెచ్చుకున్నారు, ఆ మెప్పుతోనే పేరు పోయింది. "మీ దయ," అని గొణిగాడు. ఆవిడ గంట కొట్టుకుంటూ వెళ్ళిపోయింది.

లోపలికి వచ్చి బల్ల ముందు కూలబడ్డాడు. ఆస్టా బన్నుల్ని పెద్ద బుట్టలోకి సర్దుతోంది.

"ఆ ముక్క పెడితే ఎవరూ రారని నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"ఎలా?"

"నా అరవైకి నువ్వే వేయించావుగా. నన్నడక్కుండా, నా పేరు మీద. పదకొండేళ్ళయింది. ఆ రోజు కాఫీ కాచుకుని సాయంత్రం దాకా కూర్చున్నాను."

ఎగోన్ కనుబొమలు ముడిచి గుర్తు తెచ్చుకున్నాడు. "ఔను, ఎవరూ రాలేదు. అయితే అది ఆ ముక్క వల్లనా? నేను మామూలుగానే ఎవరూ రాలేదనుకున్నాను. అంటే... నీ కోసం ఎవరొస్తార్లే అని."

అతని గొంతులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది.

"ఇరవై ముగ్గురు," అంది ఆస్టా. "కుట్టు బల్లలవాళ్ళందరూ. పాట కూడా రాసుకున్నారు, తొమ్మిది చరణాలు. పొద్దున్నే పేపరు చూసి, దీనికి మనమంటే గిట్టదు కాబోలని ఆగిపోయారు. నెల తర్వాత ఎల్నా చెప్పింది. ఆ పాట కాగితం ఇప్పటికీ దాని దగ్గరుంది."

ఆమె సారాయి సీసాలు కూడా బుట్టలో పెట్టి, కోటు తొడుక్కుంది.

"ఎక్కడికి?"

"ఎల్నా ఇంటికి. వాళ్ళందర్నీ రమ్మన్నాను."

"మరి నేనో?"

ఆస్టా గుమ్మంలో ఆగి, కేకుల పెట్టెని ఒరిగిన వేలుతో సరిచేసుకుంది.

"పొద్దుగూకేలోగా జెండా దింపెయ్," అంది. "నేను వచ్చేసరికి ఆలస్యమవుతుంది."