తెరకి అవతల పోలమ్మ

1997 వానాకాలంలో నన్ను విశాఖపట్నంలోని ఒక ప్రభుత్వాసుపత్రి స్త్రీల విభాగానికి సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. హోదాలో సర్జన్ అన్న మాటుంది గానీ, పెద్ద ఆపరేషన్లలో మా పని కోసిన కడుపుని కొక్కేలతో వెడల్పుగా లాగి పట్టుకోవడం, రక్తం తుడవడం, చెప్పినప్పుడు దారం కత్తిరించడం. కత్తి పట్టేది మా యూనిట్ చీఫ్. ఆవిడ హస్తవాసి గురించి మల్కాపురం నుంచి పెందుర్తి దాకా చెప్పుకునేవారు. నాకు ఆవిడంటే గురి. భయం కూడా తక్కువేం కాదు.

ఆ రోజుల్లో పోలమ్మ మా వార్డులో చేరింది. ముప్పై దాటిన మనిషి, సముద్రం ఒడ్డు పేటలో కాపురం. భర్త ఎల్లాజీ వేటకి వెళ్తే, ఆమె తట్ట నెత్తిన పెట్టుకుని మల్కాపురం క్వార్టర్లలో చేపలమ్మేది. గర్భసంచిలో గెడ్డలు. మేం ఫైబ్రాయిడ్లంటాం. వాటివల్ల నెలనెలా విపరీతంగా రక్తం పోయి, తట్ట ఎత్తుకునే ఓపిక లేని స్థితికొచ్చింది. కేస్ షీటు రాసింది నేనే. ఎన్ని ప్రశ్నలడిగినా ఆమె చివరికి ఒక్క మాట దగ్గరికే వచ్చేది.

“గెడ్డలొక్కటే తీసీండి డాక్టరమ్మా, సంచి ఒగ్గీండి. నాకింకో పిల్ల కావాల.”

ఉన్న ఒక్క కూతురికి తోడు కావాలని ఆమె ఆశ. వయసేం మించిపోలేదు. చీఫ్ కూడా సరేనన్నారు. కడుపు తెరిచాక పరిస్థితి బాగాలేకపోతే సంచి కూడా తియ్యాల్సి రావచ్చని ముందే చెప్పడం మా బాధ్యత. చెబితే బెంబేలెత్తి ఇంటికెళ్ళిపోతుందని మాలో మేమే అనుకుని ఊరుకున్నాం.

ఆమెకి స్పైనల్ ఇచ్చారు. అంటే వెన్నులో సూదిమందు. నడుం నుంచి కిందకి మొద్దుబారిపోతుంది, మనిషి మాత్రం మెలకువగానే ఉంటుంది. కోత కనబడకుండా ఛాతీ మీదుగా ఆకుపచ్చ గుడ్డ తెర కడతాం. తెరకి ఇవతల మేము, అవతల ఆమె తల, ఆ తల దగ్గర స్టూలు మీద మత్తు డాక్టరు. ఆయన మంచి భోజనప్రియుడు. ఆమెకి భయం తెలియకుండా చేపల కబుర్లలోకి దించాడు. కోనాం చేపలు ఈసారి ఆలస్యమయ్యాయేమని అడిగితే, గాలి మళ్ళాల సార్, అప్పుడొస్తాయని ఆమె చెబుతోంది.

కడుపు తెరిచి చూస్తే మేం అనుకున్నవి కాక సంచి గోడంతా చిన్న చిన్న గెడ్డలు. రెండు మూడు తీసేసరికి రక్తం కారడం మొదలైంది. చీఫ్ గుడ్డలు కుక్కి గట్టిగా నొక్కి పట్టుకున్నారు. అలా నొక్కినంతసేపూ రక్తం అదుపులోనే ఉంది, తీస్తే మళ్ళీ మొదలు. సంచి తీసెయ్యడమే క్షేమమని, భర్త సంతకం తెమ్మని నాతో ఇంగ్లీషులో అన్నారు. పేషెంటు మెలకువగా ఉంటే మేమంతా ఇంగ్లీషులోకి మారిపోయేవాళ్ళం. వైద్యపరంగా ఆ నిర్ణయం తప్పని నేను ఈరోజుకీ అనను.

గ్లౌజులు విప్పేసి బయటికెళ్ళాను. ఎల్లాజీ లేడు. టీ కొట్టుకెళ్ళాడని అతని అక్క చెప్పింది. అటెండర్ని పంపించి, థియేటర్‌కీ వరండాకీ మధ్య ఉన్న చిన్న గదిలో నిలబడ్డాను. లోపల చీఫ్ నొక్కిన చెయ్యి నొక్కినట్టే ఉంచి నాకోసం చూస్తున్నారు. తలుపు వెనక నుంచి పోలమ్మ గొంతు స్పష్టంగా వినిపిస్తోంది. కోనాం ముక్కలకి ఉప్పూ కారం ఎలా పట్టించాలో మత్తు డాక్టరుకి చెబుతోంది.

ఎల్లాజీ వానలో తడిసి పరిగెత్తుకొచ్చాడు. సంగతి చెప్పి కాగితం చాపాను. అతను దాన్ని ముట్టుకోలేదు.

“అదేటంటందమ్మా?” అని అడిగాడు.

నేను తడుముకోను కూడా లేదు. “ఆమె మత్తులో ఉందయ్యా” అన్నాను. అతను నా మొహంలోకి ఒకసారి చూసి, వేలిముద్ర వేశాడు.

సంచి తీసేశాం. తీసినదాన్ని ట్రేలో పెట్టి బంధువులకి చూపించడం మా దగ్గర ఆనవాయితీ. ఎల్లాజీ చూశాడు, అక్క చూసింది, పేట నుంచి వచ్చిన మరో ఇద్దరు చూశారు. ఆ సంచి ఎవరిదో ఆ మనిషికి చూపించే ఆనవాయితీ మాత్రం ఎక్కడా లేదు. పోలమ్మకి సంగతి చెప్పే పని కూడా మేం భర్తకే వదిలేశాం.

కుట్లు విప్పే రోజు నేనే వెళ్ళాను. నేను కత్తెర తీసుకునేదాకా ఆగి, అప్పుడు అడిగింది.

“మా మావతోటి నాను మత్తులో ఉన్నానని సెప్పారంట. నాకు మత్తు నడుం కిందకే కదా ఇచ్చారు డాక్టరమ్మా. నోటికి ఇవ్వనేదు కదా. నన్నే అడిగితే ఏటి పోయింది?”

గొంతు పెంచలేదు. అయినా పక్క మంచం మనిషి ఇటు తిరిగి చూసింది. అప్పుడైనా ఉన్నమాట ఒప్పుకుని ఉంటే కాస్త నయంగా ఉండేది. భర్త సంతకం ఉండాలన్నది రూలమ్మా అన్నాను. అలాంటి రూలేదీ లేదు. ఈడొచ్చిన ఆడమనిషి శరీరం మీద ఒప్పుకోలు ఆమెదే. భర్త సంతకం, రేపు వార్డు ముందు గొడవ జరగకుండా మేం చేసుకున్న అలవాటు. ఆ తేడా నాకు చదువుకునే రోజుల నుంచీ తెలుసు. మొదటి అబద్ధం తొందరలో ఆడాను, రెండోది నా పరువు కోసం ఆడాను. రెండోదానికే ఇప్పటికీ ఎక్కువ సిగ్గుపడతాను.

పోలమ్మ “అలాగేటి” అని కొంగు సర్దుకుని కిటికీ వైపు తిరిగింది. తరవాత చెకప్‌కి రమ్మంటే రాలేదు.

మరికొన్నేళ్ళకి నేనూ యూనిట్ చీఫ్‌నయ్యాను. జరగగలిగే చెడ్డని కూడా పేషెంటుకి ముందురోజే, తెలుగులో, నేనే చెప్పేదాన్ని. కొందరు నిజంగానే భయపడి వెళ్ళిపోయారు, చాలామంది మళ్ళీ వచ్చారు. లోపల అనుకోనిదేదైనా ఎదురై, మనిషి మెలకువగా ఉంటే, తెర చుట్టూ తిరిగి తల దగ్గరకెళ్ళి అడిగేదాన్ని. ఆ స్థితిలో సరిగ్గా ఆలోచించగలరా అని తోటి డాక్టర్లు వాదించారు. ఆ వాదనలో బలం లేకపోలేదు. “మా ఆయన్ని అడగండి” అన్న పేషెంట్లూ ఉన్నారు, అప్పుడు ఆయన్ని పిలిపించేవాళ్ళం.

అలా వెళ్ళి, అడిగి, జవాబు విని, మళ్ళీ నా చోటికి రావడానికి ఎంతసేపు పడుతుందో నాకిప్పుడు బాగా తెలుసు. ఎల్లాజీ టీ కొట్టు నుంచి వచ్చేదాకా మేం ఆగిన సమయంలో అది పదో వంతు కూడా ఉండదు.