ముందు విత్తనం

నారాయణఖేడ్‌లో పొద్దున్నే షేర్ ఆటో ఎక్కి, నాగల్‌గిద్ద దారిలోని మా బడికి చేరేసరికే నా నడుం పట్టేస్తుంది. బడిలో నేనొక్కదాన్నే టీచరును. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులూ నావే. మధ్యలో పిల్లల భోజనానికి గుడ్లు వచ్చాయో లేదో చూడాలి, ఫోన్‌లో హాజరు పంపాలి, సిగ్నల్ కోసం ఆ ఫోన్ పట్టుకుని జెండా గద్దె ఎక్కాలి. సాయంత్రం నాలుగయ్యేసరికి నా గొంతు నాకే వినబడదు. ఇది ఫిర్యాదా అంటే ఫిర్యాదే.

పోయినేడు దసరా సెలవులయ్యాక బడి తెరిచిన రోజు, నాలుగో తరగతి పిల్ల ఒకదాని తల్లి బడికి వచ్చింది. మొగుడితో కలిసి చెరకు కొట్టడానికి కర్ణాటక పోతోంది. ఉన్న ఎకరం కందిచేను అత్త చూసుకుంటుంది.

"టీచర్, గీయేడు దీన్ని మా అత్త కాడ ఇడిశిపోతున్న. గురుకులం పరీక్ష రాయించు. సీటొస్తే సదువుకుంటది. రాకుంటే వచ్చే దసరకు మా ఎంబడి తీస్కపోత. చిన్నోన్ని సూస్కునేటందుకు మనిషి గావాలె."

"బడి మాన్పిస్తవా?"

"మరేం జెయ్యాలె? నువ్వే చెప్పు."

రాయిస్తానని మాత్రం అన్నాను.

ఆ పరీక్షలో భిన్నాల లెక్కలుంటాయి. ఇంత అమ్మగా ఇంత మిగిలింది, మొదట ఎంత ఉంది అనే రకం. నాకు వాటిని చేయడం ఒక్క తీరుగానే వచ్చు. తెలియనిదాన్ని ఎక్స్ అనుకోవడం. తొమ్మిదేళ్ల పిల్లకు ఎక్స్ గురించి ఏం చెప్పను? శిక్షణలో పట్టీ గీయమన్నారు. మొత్తాన్ని పొడుగు పట్టీగా గీసి, గళ్లు చేసి, ఏ గడి ఎటు పోయిందో చూస్తే చాలన్నారు. నేను రిజిస్టర్ చాటున ఎక్స్‌తో జవాబు తెచ్చుకుని, ఆ తర్వాత బోర్డు మీద ఏమీ ఎరగనట్టు పట్టీ గీసేదాన్ని. ఈ దొంగతనం ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

కందులు ఇళ్లకు చేరిన రోజుల్లో ఒక సాయంత్రం ఈ లెక్క ఇచ్చాను. ఒక రైతు తన కందుల్లో మూడో వంతు అమ్మాడు. మిగిలిన వాటిలో నాలుగో వంతు విత్తనానికి ఉంచాడు. ఇంకా ముప్పై కిలోలు ఉన్నాయి. విత్తనానికి ఉంచినవి ఎన్ని?

బోర్డు మీద నేను మూడు గళ్లు గీశాను. ఒకటి అమ్మకం. మిగిలిన రెండింటినీ సగానికి కోస్తే నాలుగు ముక్కలు. అందులో ఒకటి విత్తనం, మిగతా మూడు కలిపి ముప్పై కిలోలు. ముక్కకు పది. విత్తనం పది కిలోలు.

ఆ పిల్ల పలక మీద పదిహేను అని ఉంది. పైన నాలుగు గళ్లు, మొదటి గడి నిండా చుక్కలు.

"ఇదేందే?"

"ఇత్తనం టీచర్. మిగిలిన మూడు గళ్లల్ల ఒకటి అమ్మిండు. రెండు గళ్లు ముప్పై. గడికి పదిహేను."

"లెక్కల ముందు అమ్మిండని ఉంది గద."

నాకేదో తెలియనట్టు జాలిగా చూసింది. "ఇత్తనం తియ్యకుండ ఎవలన్న అమ్ముతరా? మా నాయనమ్మ ముందుగాల ఇత్తనమే ఏర్తది. బూడిద కలిపి కుండల పోస్తది. అటెన్కనే అమ్ముడు, తినుడు."

నిజమే. ఈ చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా అంతే. ఆ లెక్క రాసినవాళ్లు కందుల కుప్ప ఎప్పుడూ చూసి ఉండరు. పిల్ల పట్టీ ఎంత చక్కగా ఉందంటే, నాకు కొంచెం ఈర్ష్య కూడా కలిగింది. ఆ మాట దానితో అని, పక్కన కూర్చోబెట్టుకుని, లెక్కలో ఏది ముందు చెబితే అది ముందు తియ్యమని నిదానంగా చెప్పాల్సింది. అప్పటికి రోడ్డు మీద ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. హాజరు ఇంకా పోలేదు.

"పరీక్షల ఇత్తనం ముందు తియ్యొద్దు. ముందు అమ్ముడు, తర్వాతనే ఇత్తనం. గంతే. సమజైందా?"

"అయింది టీచర్." అరచేత్తో పలక తుడిచేసింది.

ఆ తర్వాత గైడులో ఉన్న అలాంటి లెక్కలన్నీ సరిగ్గా చేసింది. వాటన్నిటిలోనూ అమ్మకమే ముందుంది. నేనూ సంతోషించాను.

పరీక్ష నారాయణఖేడ్‌లో జరిగింది. గేటు బయట నిలబడ్డాను. ఉరుక్కుంటూ వచ్చి, ఊపిరి తీసుకోకుండా లెక్క అప్పజెప్పింది. "జొన్నల లెక్కొచ్చింది టీచర్! ఒకామె ఐదో వంతు ఇత్తనానికి తీసిందంట. మిగిలిన దాంట్ల సగం అమ్మిందంట. ఇంట్ల ఇరవై కిలోలు ఉన్నయంట. అమ్మినయెన్ని?"

ఐదు గళ్లు. ఒకటి విత్తనం. నాలుగులో రెండు అమ్మకం, రెండు ఇంట్లో. ఆ రెండూ ఇరవై అయితే ఈ రెండూ ఇరవయ్యే. ఎక్స్ లేకుండా అంత తొందరగా నేనెప్పుడూ చేయలేదు.

"నువ్వేం పెట్టినవ్?"

"ఇరవై అయిదు. లెక్కల ముందు ఇత్తనమనే ఉండె. కని నువ్వు చెప్పినవ్ గద, అందుకే ముందు అమ్మిన."

మెచ్చుకుంటానని ఎదురుచూస్తోంది. "మంచిగ చేసినవ్" అన్నాను.

గురుకులం సీట్ల జాబితాలో ఆ పిల్ల నంబరు లేదు. ఆ ఒక్క లెక్కతోనే పోయిందా అంటే నాకు తెలియదు. తెలియకపోవడం వల్ల నాకేమీ ఊరట లేదు.

ఈ దసరా వెళ్లిన మూడో రోజు తల్లీ బిడ్డా బడి ముందు లారీ కోసం నిలబడ్డారు. పిల్ల చంకలో తమ్ముడున్నాడు. నేను తరగతి వదిలేసి దాని దగ్గరికి పోయాను.

"బిడ్డా, కందుల లెక్కనాడు నీ గళ్లు మంచిగుండె. జొన్నల లెక్క నీ తీరుగ చేస్తే సరిగ్గొస్తుండె. నేనే తప్పు చెప్పిన."

తమ్ముణ్ణి ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. కోపమేమీ లేదు ఆ మొహంలో. ఊరికే తెలుసుకుందామని అడిగింది.

"మరి గప్పుడే ఎందుకు చెప్పలే టీచర్?"

జవాబు నాకు తెలుసు. కందుల లెక్క ఇచ్చిన ఆ సాయంత్రం నేను అలసిపోయి ఉన్నాను. చెరకు కొట్టడానికి పోతున్న పిల్లకు ఆ మాట చెప్పలేకపోయాను.