ఎడమ పక్క పలకని హెడ్‌ఫోన్స్

నిన్న పొద్దున అద్దంలో చూసుకుంటే చెంపల మీద నల్లటి పెచ్చులు. ఈ వయసులో కొత్తగా ఏ జబ్బు వచ్చిపడిందిరా భగవంతుడా అని గిల్లి చూస్తే, అది నా హెడ్‌ఫోన్స్ మెత్తల మీది తోలు. చూపులేని పిల్లల కోసం పాఠాలు చదివి రికార్డు చేయడం నా రిటైర్మెంటు వ్యాపకం. ఏండ్ల తరబడి చెవులకు తగిలించుకుని కూర్చుంటే ఆ తోలు మాత్రం ఎంతకని ఓర్చుకుంటుంది? బాగుచేసే అతను మెత్తలు దొరకవని, కొత్తవే కొనుక్కోమని చెప్పాడు. మళ్లీ చెవులను పూర్తిగా కప్పేసే క్లోజ్డ్ బ్యాక్ రకమే కొనాలి. వెనక జాలీ ఉండే ఓపెన్ బ్యాక్ రకం పాట వినడానికి గాలాడినట్టు హాయిగా ఉంటుంది గానీ, లోపలి శబ్దం బయటికి కారి తిరిగి మైకులో పడుతుంది. పైగా ఆదోనిలో మా వీధిన పోయే పత్తి లారీలు, ఆటోలు అన్నీ పాఠంలోకి దూరినట్టే ఉంటుంది. అన్నీ తెలిసినా, హెడ్‌ఫోన్స్ అంగడి మెట్లెక్కడానికి నాకు మనసు రాలేదు. ఎందుకంటే ఈ పెచ్చులూడిన హెడ్‌ఫోన్స్ నేను కొనుక్కున్నవి కావు. మా బావ ఏరికోరి తీసుకున్నవి.

మా అక్కను ఇచ్చింది ఎమ్మిగనూరులో. బావ చిన్నప్పుడు ఇంట్లో గుంటమగ్గం నేసినవాడే, తర్వాత కూలికి మరమగ్గాల షెడ్డుకు పోయాడు. ఆ మోతలో నోటిమాట చెల్లదు. దారం తెగిందన్నా, టీ వచ్చిందన్నా, ఓనరు వస్తున్నాడన్నా అన్నీ చేతి సైగలే. ఆ అలవాటు ఇంటికీ వచ్చేసింది. అన్నానికి రమ్మని అక్క చెయ్యి నోటి దగ్గర పెట్టి చూపేది. సైగ చాలనిచోట అరుపు. "ఏం బావా, ఇంటిల్లిపాదీ మూగనోము పట్టినారా?" అని నేను ఎగతాళి చేసేదాన్ని. అలాంటి ఇంట్లో ఎవరి చెవి ఎంత వింటుందో ఎవరు కనిపెడతారు? కానీ శనివారం సాయంత్రం గుడిలో భజన మొదలైతే బావ వేరే మనిషి. షెడ్డులో ఒట్టి కూలివాడు, అక్కడ అందరికీ గురువు. ఆయన పాట ఎత్తుకుంటే తప్ప మిగతావాళ్లు నోరు తెరిచేవారు కారు. ఆ గౌరవం ఒక్కటే ఆయన సంపాదించుకున్న ఆస్తి.

తెల్లవారుజామున మైకులో వేయడానికి మన భజననే రికార్డు చేయిద్దామని గుడి పెద్దలు అన్నప్పుడు బావ మొహం చూడాలి. నా గదిలోనే చేద్దామన్నాను. తంబుర చెవిలో వింటూ పాడాలి కాబట్టి మంచి హెడ్‌ఫోన్స్ కావాలి, అప్పట్లో నా దగ్గరున్నవి జాలీ రకం. "నా సెవులకు నేనే సూసుకుంటా మరదలా" అని బస్సెక్కి ఆదోని వచ్చేశాడు. అంగట్లో ఆయన తీరు చీర బేరానికి వచ్చినట్టే ఉంది. మెత్తలు నొక్కాడు, కుట్టు తిరగేసి చూశాడు, ఆ తర్వాతే పెట్టుకున్నాడు. అంగడాయన తన ఫోనులో తంబుర వినిపించాడు.

"ఎడం పక్క పలకల్యా అప్పా. ఇంకొగటి సూపిచ్చు."

ఇంకొకటి తీశాడు. అదీ అంతే. మూడోదీ అంతే. "మా బావ నేసిన గుడ్డనే తప్ప దేన్నీ మెచ్చడు" అని నేను నవ్వాను. అంగడాయనకు రోషం వచ్చింది. "కొత్త మాల్ అన్నా, ఇప్పుడే నీ ముందరే సీల్ తీసినా. ఖరాబ్ యాడుంటాది?" అని తాను పెట్టుకున్నాడు, నా చెవులకూ పెట్టాడు. రెండు పక్కలా చక్కగా పలుకుతోంది. "తిరగేసి పెట్టుకో అన్నా, తెలిసిపోతాది" అన్నాడు.

బావ తిరగేసి పెట్టుకున్నాడు. పలకడం లేదన్న పక్క ఇప్పుడు కుడి చెవి మీద పలికింది. మంచిగా ఉన్న పక్క ఎడమ చెవి మీదికి వచ్చి మూగబోయింది. ఆయన కళ్లు ఒక్కసారి నా మీదికి వచ్చి పక్కకు తిరిగాయి. మెల్లగా తీసి, వైరును నూలు చుట్టినట్టు చేతికి చుట్టి, "ఇదే బాగుండాది. ఇదే కట్టియ్యప్పా" అన్నాడు. అంగడాయన తల వంచుకుని డబ్బా వెతకసాగాడు.

ఒక్కణ్ణే పంపబుద్ధి కాక నేనూ ఎమ్మిగనూరు బస్సెక్కాను. ఆయన కుడిపక్కకు మారి కూర్చున్నాను. ఎందుకు మారితివని ఆయన అడగలేదు. ఇల్లు చేరాక అక్కను సైగ చేయకుండా నోటితోనే అడిగాడు. "నాకొక సెవి ఇనపడదని నీకు తెలుసునా?"

అక్క చెయ్యెత్తబోయి దించేసింది. "తెలుసు. అందురికీ తెలుసు. సెప్తే యాడ పాట ఇడ్సిపెడ్తావో అని ఎవురూ సెప్పలే."

దాపరికమంతా అప్పుడు బయటపడింది. ఆయన శ్రుతి జారితే హార్మోనియం అతను మెట్లు మార్చి ఆయన వెనకే పోయేవాడట. తాళం తప్పితే వంతపాడేవాళ్లు గొంతు పెంచి కప్పేసేవారట. అంతా ప్రేమతోనే. "అంటే నేను పాడ్తాండానని నేననుకుంటే, వాండ్లు నన్ను మోస్తాండ్రా? ఇన్నేండ్లూనా?" అన్నాడు బావ.

ఆస్పత్రిలో చూపిస్తే ఎడమ చెవి నరం చచ్చిపోయిందని, కుడిదీ కొంత దెబ్బతిందని, షెడ్డు మోతే కారణమని అన్నారు. చుట్టూ ఊళ్లకు ఊళ్లు పత్తి పండుతుంటే, పనివాళ్ల చెవుల్లో పెట్టుకోవడానికి పిడికెడు దూది ఇవ్వాలని తోచని ఆ ఓనరు మీద నాకు ఇప్పటికీ మంట. అంతకంటే ఎక్కువ మంట ఆ మంచివాళ్ల మీద. మొదట్లోనే ఒక్కరు మొహాన చెప్పి ఉంటే ఆయన ఏడ్చేవాడు, తిట్టేవాడు, ఆ తర్వాత కుడి చెవితో సర్దుకుని పాడుకునేవాడు. జాలిపడి ఆ దారి కూడా మూసేశారు. మంచితనం మీద అంత కోపం రావడం నాకు అదే మొదలు.

శనివారం భజనవాళ్లు ఇంటికొచ్చి బతిమాలారు. రానని బావ చెయ్యి ఊపాడు, అంతే. మళ్లీ గుడి మెట్లెక్కలేదు. హెడ్‌ఫోన్స్ నాకే ఇచ్చేశాడు. గుడి పెద్దలు ఇంకొకాయనతో పాడించి రికార్డు చేయించుకున్నారు. పోయిన నెల అక్క ఇంట్లో పడుకున్నప్పుడు చూశాను. తెల్లవారుజామున గుడి మైకు గరగరమనగానే, అప్పటికే మేలుకుని ఉన్న బావ కుడిపక్కకు ఒత్తిగిల్లి, ఆ కాస్త వినపడే చెవిని దిండుకు అదిమిపెట్టి పడుకున్నాడు. రోజూ ఇంతేనని అక్క నాకు చేత్తోనే చెప్పింది. కాలం ఎంతటి గాయాన్నైనా మాన్పుతుందనేవాళ్లు ఒక్కసారి ఎమ్మిగనూరుకు వచ్చి చూడాలి, మా బావకు ఆ గాయం రోజూ తెల్లవారకముందే మొదలవుతుంది.